ఏడు ఓడల గుడ్డ

వళ్ళియమ్మ నేతలో తప్పు పట్టినవాడు తిరుత్తణి చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళది కాదు, వళ్ళియమ్మదే. యాభై ఏళ్ళుగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. చేనేత సొసైటీలో చీరలు తిరగేసి చూసే మేనేజర్లు ఎందరో వచ్చారు, ఎందరో పోయారు. ఒక్కడంటే ఒక్కడు ఆమె చీరను వెనక్కి పంపలేదు. అదే పక్కింటివాళ్ళ చీరలో ఒక్క పోగు జారితే మాత్రం వీధి చివరి నుంచే ఆమె కంట్లో పడుతుంది. పడితే ఊరుకుంటుందా? "ఏమ్మా, చీర నేసినావా, రొయ్యల వల అల్లినావా?" అని అడిగేస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఆమె మొగుడు మురళీధరన్ అందుకు పూర్తిగా విరుద్ధం. నాలుగు మాటలు అడిగితే ఒకటి చెబుతాడు, అదీ నెమ్మదిగా. పెళ్ళయిన రెండో ఏడు నూలు దొరక్క ఊళ్ళో మగ్గాలన్నీ మూలబడితే, మద్రాసు హార్బరులో పనికి పోయాడు. నేతగాడి వేళ్ళు గదా, ఆయన వేసిన ముడి తనంతట తాను జారదు, విప్పాలంటే ఒక్క లాగుకు వచ్చేస్తుంది. అది చూసిన కెప్టెనొకాయన ఆయన్ను టగ్గు బోటు మీద తాడు మనిషిగా పెట్టుకున్నాడు. టగ్గు అంటే పెద్ద ఓడలకు తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న ఓడ. ఇరవై రెండేళ్ళు ఆ పనే చేశాడు. నెలకోసారి ఇంటికి వచ్చిపోయేవాడు. మగ్గం, పిల్లలు, అత్తగారు అన్నీ వళ్ళియమ్మే చూసుకుంది.

లాక్కురావడం రోజూ చేసే పని. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఒకసారి ఇంకో పని తగిలేది. ఆయుస్సు తీరిన ఓడను, ఇనుముకు కూడా పనికిరానిదాన్ని, పులికాట్ సరస్సు ఒడ్డునున్న పళవేర్కాడుకు ఎదురుగా నడిసముద్రంలోకి లాక్కుపోయి, అడుగున తూములు తెరిచి ముంచేసి రావడం. అలా ఏడింటిని ముంచాడు మురళీధరన్.

సెలవుల్లో వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఈ సంగతి చెబితే వీధంతా నవ్వింది. "ఓడలు తేల్చేవాళ్ళను విన్నాం గాని, ముంచేదానికి కూడా ఉద్యోగమా మామా?" అని ఒకడు. వెనక ఆడవాళ్ళ మాటలు ఇంకా ఘాటు. "ఓడలంట ఓడలు! మద్రాసులో ఇంకో సంసారం ఉండాది, దానికి పెట్టుకున్న పేరు ఓడ." ఈ మాట చెవిన పడిన రోజు వళ్ళియమ్మ నడివీధిలో నిలబడి, అన్నదాని ఏడు తరాలకూ తలంటింది. తర్వాత లోపలికి వచ్చి ఒక మూల కూర్చుని ఏడ్చింది. మొగుడి మీద అనుమానంతో కాదు. నిజం చెప్పే మనిషిని అబద్ధాలకోరు అన్నారే అని ఆమె కడుపుమంట.

ఉద్యోగం మానేసి వచ్చిన ఏడాది ఆయన ఒక కోరిక కోరాడు. "వళ్ళీ, ఆ ఏడూ యాడ మునిగినాయో నాకు తెలుసు, నాతోటి పనిచేసినోళ్ళలో ఇద్దరికి తెలుసు. వాళ్ళు పోయినారు. కాగితం మీద రాస్తే చెదలు తింటాది. నువ్వు గుడ్డలో నేసి పెట్టు."

నేసింది. ఎనిమిది రోజులు పట్టింది. నీలి గుడ్డ, తెల్ల నూలుతో ఏడు ఓడ బొమ్మలు, బుటాలుగా. నేత మొదలైన అంచు ఒడ్డు, మగ్గంలో ముందుకు పోయేకొద్దీ సముద్రం. పళవేర్కాడు లైట్‌హౌస్ నుంచి నేరుగా తూర్పుకు పోయే గీతకు గుర్తుగా నడిమధ్యలో ఒక ఎర్ర పోగు. ఒక వేలు వెడల్పు అంటే ఒక మైలు. ఆయన మగ్గం వెనక నిలబడి చెబుతుంటే ఈమె నేస్తూ పోయింది. ఆ గుడ్డ ఇరవై ఏళ్ళకు పైగా పెట్టెలో వేపాకుల మధ్య ఉంది.

ఇప్పుడు దానికి మంచిరోజు వచ్చింది. కొడుకు కూతురు సత్యప్రియ పొన్నేరిలో చేపల చదువు చదువుతోంది. మునిగిన ఓడల్లో చేపలు కాపురం పెడతాయట. వాటి గుడ్లు, పిల్లలు అన్నీ ఆ ఇనుప గూళ్ళలోనేనట. కాబట్టి పళవేర్కాడు ఎదుట ముంచిన ఓడల చరిత్ర రాస్తానని ఆ పిల్ల పూనుకుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి పాత కాగితాలు తీయిస్తే ఏడు ఓడల పేర్లూ ఉన్నాయి, సంవత్సరాలూ ఉన్నాయి. యాడ ముంచారో మాత్రం లేదు. 'సముద్రంలో ముంచివేయబడినది' అని ఒక్క ముక్క, అంతే. సత్యప్రియ తాతను, తాత గుడ్డను చూపించడానికి తన సారు గోపాలన్‌ను ఇంటికి తీసుకొచ్చింది.

గోపాలన్ సారు మర్యాదస్తుడు. కాఫీ తాగి, గుడ్డను కళ్ళకద్దుకుని మరీ చూశాడు. చూసి మెల్లగా చెప్పాడు. "అయ్యా, తప్పుగా అనుకోవద్దు. పెద్దవాళ్ళ జ్ఞాపకం, ఒక గుడ్డ... వీటి మీద చరిత్ర రాస్తే నన్ను అడుగుతారు. ఒక రోజు పడవ మాట్లాడదాం. ఏడింటిలో ఒక్కటి, ఒక్కటే చూపించండి. మొత్తం అధ్యాయం మీ పేరుతోనే వేస్తాం. కనబడకపోతే మాత్రం మీ పేరూ, గుడ్డ సంగతీ తీసేయాల్సిందే."

మురళీధరన్ తల ఊపాడు. ఆ పూట నుంచి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. అది చూసి వళ్ళియమ్మ, మురుగా, ఈ ఒక్కటీ కానీ అని మొక్కుకుంది. నలభై ఏళ్ళుగా వీధి నవ్విన మాట నిజమేనని చదువుకున్నోడొకడు అచ్చులో వేస్తే చాలు, ఆమెకింకేమీ అక్కర్లేదు.

పడవలోకి ఆడమనిషి ఎందుకు అవ్వా, వాంతులవుతాయి అని సత్యప్రియ అంటే మండిపడింది. "నా గుడ్డ యాడికి పోతే నేనూ ఆడికే! నువ్వూ ఆడమనిషివే గదా, నువ్వేంటికి పోతా ఉండావు?"

ముందురోజే తిరువళ్ళూరు మీదుగా బస్సులు మారి పళవేర్కాడు చేరి, పొద్దున ఆరుకల్లా పడవెక్కారు. పడవ దేవేంద్రన్‌ది. సరస్సులో రొయ్యలు పట్టుకునే మనిషి, ఎప్పుడో గాని సముద్రానికి పోడు. సూళ్ళూరుపేటలో చేపలమ్మి తెలుగు నేర్చుకున్నాడు. "ఆ చోటుకు మావోళ్ళు కప్పల్ సుడుకాడు అంటారమ్మా, ఓడల వల్లకాడు," అన్నాడు ఇంజను తిప్పుతూ. "ఉత్తరాన అంటాడు ఒకడు, దక్షిణాన అంటాడు ఒకడు. వల చిరిగినోడికి వల మీద ధ్యాసగాని, దిక్కు మీద ఉంటాదా? ఒక్క మాట సారూ. పదకొండుకు గాలి లేస్తాది. ఆలోపల తిరుక్కోవాల."

సరస్సు ముఖద్వారం దాటి సముద్రంలో పడేసరికి వళ్ళియమ్మ కొంగున కట్టుకున్న నిమ్మకాయ తీసింది. దాని వాసన చూస్తూ, గుడ్డను ఒళ్ళో పెట్టుకుని వలల కుప్ప మీద కూర్చుంది. ఎప్పుడూ నోరు విప్పని ఆమె మొగుడు మాత్రం ఆ వేళ మాటల మూట విప్పాడు. సత్యప్రియ ఫోనులో రికార్డు చేసుకుంటోంది.

"మొదటిది డ్రెడ్జరు. ముప్పై ఏళ్ళు రేవు అడుగున మట్టి తోడి తోడి, కడాకు తానే అడుగుకు పోయింది. రెండోది, మూడోది సరుకు మోసే బార్జీలు. అందులో ఒకటి మునగనంటే మునగనని మధ్యాహ్నం దాకా మొండికేసింది. మీ అవ్వ మాదిరే అనుకున్నా."

"అనుకుంటావు, అనుకుంటావు," అంది వళ్ళియమ్మ.

"నాలుగోది నూలు బేళ్ళతో కాలిపోయిన ఓడ. లాక్కుపోతా ఉంటే దారంతా కాలిన నూలు వాసనే. ఆ దినం నాకు అన్నం పోలేదు, ఎన్ని మగ్గాల కూడు అది! ఐదోది ఓడలకు తాగునీళ్ళు మోసిన పడవ. ఆరోది యా దేశానిదో, సొంతదారులే వదిలేసి పోయినారు. లోపల ఎవురివో చెప్పులు, గోడకు క్యాలెండరు అట్లే ఉండె."

"ఏడోది?" అన్నాడు గోపాలన్ సారు.

"ఏడోది నీలవేణి సార్. మా టగ్గే. పద్దెనిమిదేళ్ళు దాని మీదే తిన్నా, పండుకున్నా. కొత్త టగ్గు వచ్చినాక దాంతోనే నీలవేణిని లాక్కుపోయినాం. తాడు విప్పింది నేనే."

తాడు విప్పే ముందు ఏం చేసేవాడో కూడా చెప్పాడు. గుడ్డ పూర్తయి మగ్గం నుంచి కోసేముందు కర్పూరం వెలిగించడం వీళ్ళ ఇళ్ళలో వాడుక. పుట్టింటి నుంచి పిల్లను పంపినట్టే గదా అది. ఈయన ముంచబోయే ప్రతి ఓడ మీదా కర్పూరం వెలిగించి, దండం పెట్టుకుని, అప్పుడు విప్పేవాడు. మొదట్లో కెప్టెన్ నవ్వాడట. మూడో ఓడ నాటికి ఆయనే, "ఏమయ్యా, కర్పూరం తెచ్చినావా?" అని అడగడం మొదలుపెట్టాడట. గోపాలన్ సారు ఆ మాట రికార్డవుతున్నా తన నోటుబుక్కులో విడిగా రాసుకున్నాడు.

వెతకాల్సింది నీలవేణినే అని ముందే అనుకున్నారు. అన్నిటికంటే చివర మునిగింది, మట్టి తక్కువ కప్పి ఉంటుంది. గుడ్డ మీద అది ఒడ్డు నుంచి ఆరు వేళ్ళు, ఎర్ర పోగుకు కుడిపక్క రెండు వేళ్ళు. అంటే ఒడ్డుకు ఆరు మైళ్ళు, లైట్‌హౌస్ గీతకు దక్షిణంగా రెండు మైళ్ళు. సత్యప్రియ ఫోనులో లెక్క కట్టి దారి చూపింది. ఎనిమిదింబావుకు అక్కడికి చేరారు. నీటి అడుగును చూపించే పెట్టె ఒకటి దేవేంద్రన్ దగ్గరుంది. దాని తెర మీద అడుగు ఒక గీతలా కనబడుతుంది, ఏదైనా ఉంటే గీత గూను లేస్తుంది.

లేవలేదు. చాప పరిచినట్టు ఒకటే గీత. ఇటు తిరిగారు, అటు తిరిగారు, చుట్టూ అర మైలు గాలించారు. తొమ్మిది దాటింది. సత్యప్రియ గొంతు తగ్గిపోయింది. గోపాలన్ సారు నోటుబుక్కు మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అయ్యా, బాగా గుర్తు చేసుకోండి. దక్షిణమేనా?" అన్నాడు.

మురళీధరన్ ఒడ్డువైపు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. లైట్‌హౌస్ సన్నగా పుల్లలా కనబడుతోంది. తర్వాత ఒకసారి వళ్ళియమ్మ వైపు, ఆమె ఒళ్ళోని గుడ్డ వైపు చూసి, నెమ్మదిగా కూర్చున్నాడు.

"నాకే మరుపొచ్చిందేమో సార్," అన్నాడు. "డెబ్బై దాటినోణ్ణి. గుడ్డ నేసేటప్పుడే తప్పు చెప్పినానేమో. మీకు పని చెడగొట్టినా. పోదాం పదండి."

"పర్వాలేదయ్యా," అన్నాడు గోపాలన్ సారు. నిజంగా జాలిపడే అన్నాడు. ఆ జాలి వళ్ళియమ్మకు తల కొట్టేసినట్టయింది. మరుపా? ఈయనకా? పెళ్ళినాడు తన చీర అంచు ఏ రంగో, పెద్దపిల్లకు ఏ వారం పన్ను ఊడిందో చెప్పే మనిషి! టగ్గు మీద ఇరవై రెండేళ్ళలో ఒక్క ముడి మరిచిపోలేదు. ఈయనకు మరుపొచ్చిందంటే తాను నమ్మదు. మరి తప్పెక్కడ?

అప్పుడు గాలి చిన్నగా వీచి ఒళ్ళోని గుడ్డ అంచును తిరగేసింది. అడుగుపక్క పైకి వచ్చింది. బుటాల నుంచి వేలాడే పోగులు, ముళ్ళు, గజిబిజి. మగ్గం మీద కూర్చున్న మనిషికి ఎప్పుడూ కనబడేది ఈ పక్కే. బుటా గుడ్డ నేసేటప్పుడు ముఖం కిందికి ఉంటుంది, వీపు పైకి ఉంటుంది. కోసి తిప్పినప్పుడే ముఖం చూస్తారు. వళ్ళియమ్మ చేయి ఆ పోగుల మీద ఆగింది. మగ్గం వెనక నిలబడి ఆయన చెప్పిన మాట చెవిలో మోగింది. "తూర్పుకు చూసుకో. ఉత్తరం నీ ఎడమ చేతికి. నీలవేణి ఎడమ చేతికి రెండు వేళ్ళు."

ఆమె ఎడమ చేతికే నేసింది. నేసి, గుడ్డను తిప్పింది. ఎడమ కుడి అయింది.

నెమలి ఎడమకు చూడాలంటే మగ్గం మీద కుడికి చూసేట్టు నేయాలని నేతగాళ్ళ ఇంట పుట్టిన పిల్లకైనా తెలుసు. ఏ బుటాకైనా ఆ లెక్క ముందే కాగితం మీద తిప్పి వేసుకుంటారు. ఆ ఎనిమిది రోజులూ కాగితం లేదు, నోటిమాట మీద నేసింది. పైగా ఓడకు ఎటు చూసే ముఖం ఉంది? ఏ పక్కనుంచి చూసినా ఒకటే. అందుకే తట్టలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఏడు ఓడలూ తిరగబడి, ఉత్తరానివి దక్షిణానా దక్షిణానివి ఉత్తరానా పెట్టెలో పడుకున్నాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వళ్ళియమ్మ వెంటనే నోరు విప్పలేదు. దేవేంద్రన్ ఇంజను తాడు చేతికి చుట్టుకుంటున్నాడు. ఇంకో నిమిషంలో పడవ తిరుగుతుంది. ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. తప్పు ఆయన నెత్తిన వేసుకున్నాడు, అది ఆయన జ్ఞాపకానికే పోతుంది. యాభై ఏళ్ళలో ఒక్క చీర వెనక్కి రాని చేయి ఇది. తప్పొప్పుకుంటే సత్యప్రియ ఇంట్లో చెబుతుంది, ఇంట్లో చెబితే వీధికి తెలుస్తుంది. రొయ్యల వల అని తాను అన్న ప్రతి ఆడదీ గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. మొగుడి వైపు చూసింది. ఆయన తువ్వాలు మడత పెట్టుకుంటున్నాడు, ఎవరి మీదా కోపం లేని ముఖంతో. ఆ ముఖం చూశాక ఆమెకు తన మీదే ఒళ్ళు మండింది.

"నిలుపయ్యా పడవ!" అని ఒక్క అరుపు అరిచింది. దేవేంద్రన్ చేతిలోని తాడు జారిపోయింది.

"సార్, ఆయనకు మరుపూ లేదు, గిరుపూ లేదు. తప్పు నాది." లేచి నిలబడి గుడ్డను చాపింది, పడవ ఊగితే సత్యప్రియ ఆమె నడుము పట్టుకుంది. "ఇదిగో, ఈ ముళ్ళున్న పక్క చూడు సార్. నేను నేసింది ఇట్ల చూసి. మీరు చూస్తా ఉండేది అట్ల తిప్పి. ఆయన ఉత్తరమనే చెప్పినాడు. నేనే బుర్రలేకుండా నేసినా. యాభై ఏళ్ళు మగ్గంలో కూర్చున్నదాన్ని, నిన్న నేర్చుకున్న పిల్ల కూడా చేయని పని చేసినా!"

సత్యప్రియ గుడ్డను ఒకసారి ముఖం వైపు, ఒకసారి వీపు వైపు తిప్పి చూసి, "అయ్యో అవ్వా!" అంది. ఆ వెంటనే నవ్వేసింది. "ఎర్ర పోగుకు అటుపక్క రెండు మైళ్ళు. ఇక్కడి నుంచి నాలుగు. అన్నా, టైముందా?"

దేవేంద్రన్ ఆకాశం చూశాడు, నీళ్ళు చూశాడు. "పోదాం. పోయి ఒక చుట్టు. రెండో చుట్టు అడగొద్దు."

ఒక్క చుట్టు కూడా పట్టలేదు. చెప్పిన చోటికి ఇంకా వంద గజాలుండగానే తెర మీద గీత వణికింది, లేచింది, గూను కట్టింది. గూను చుట్టూ నల్లటి చుక్కలు ముసిరాయి. "చేపలు! అడడా, ఏందమ్మా ఇది, పెళ్ళి పందిరి మాదిరి ఉండాది!" అని దేవేంద్రన్ అరిచాడు. సత్యప్రియ పొడవు కొలిచింది. కాగితాల్లో నీలవేణికి రాసిన పొడవుకు రెండే అడుగులు తేడా. ఒడ్డుకు వచ్చే దారిలో గుడ్డ వీపు చూసుకుంటూ నీళ్ళ పడవను కూడా పట్టుకున్నారు. గోపాలన్ సారు రెండు చేతులూ జోడించి మురళీధరన్‌కు దండం పెట్టాడు.

మురళీధరన్ తెర మీది గూనును వేలితో ముట్టుకున్నాడు. "ఒరిగినట్టుండాది. ఎడమకు ఒరుగుతాదని అప్పుడే అనుకున్నా," అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. వళ్ళియమ్మ కూడా ఏడ్చింది గాని, ఎవరైనా చూస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి అని చెప్పేదానికి సిద్ధంగా ఉంది.

"అమ్మా," అన్నాడు గోపాలన్ సారు కాస్త మొహమాటంగా, "గుడ్డ తిరగబడిన సంగతి కూడా రాయాల్సి వస్తుంది. మీకు..."

"రాయి సార్. దాచేదేముంది? నేసింది వళ్ళియమ్మ, తప్పు నేసింది వళ్ళియమ్మ. ఓడలు ముంచింది మాత్రం ఆయన. మొదటి రెండూ మెల్లగా రాయి, మూడోది పెద్దక్షరాల్లో వెయ్యి."

గాలి లేచే వేళకు ముఖద్వారంలోకి వచ్చేశారు. అల తగ్గింది. సత్యప్రియ, సారు ముందు కూర్చుని లెక్కలు రాసుకుంటున్నారు. వెనక వలల కుప్ప మీద మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చున్నారు. వళ్ళియమ్మకు అప్పటిదాకా మనసులో నలుగుతున్న అనుమానం ఒకటుంది. అడిగేసింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. ఆడ నిలబడి లైట్‌హౌస్‌ను అంతసేపు ఏంటికి చూసినావు?"

"నీలవేణి మునిగేటప్పుడు నేను ఇంటి దిక్కుకు తిరిగి నిలబడి ఉంటి. లైట్‌హౌస్ ఎడమ చేతికి ఉండె. ఈ పొద్దు చూస్తే కుడి చేతికి ఉండాది."

"అంటే నీకు తెలిసిపోయింది."

"తెలిసింది."

"తెలిసీ మరుపు అన్నావా? నీ పేరు కొట్టేస్తా ఉండారు, తెలుసా? నలభై ఏళ్ళు నవ్వినోళ్ళ ముందర మళ్ళీ నవ్వులపాలయ్యేటోడివి!"

"నన్ను మరుపు ముసలోడంటే ఒక పూట బాధ," అన్నాడు మురళీధరన్. "నీ నేత తప్పని నలుగురిలో నేనే అంటే, నువ్వు మళ్ళీ మగ్గం గుంటలో దిగుతావా? నేను ఇరవై రెండేళ్ళు సముద్రంలో ఉంటే ఇల్లు తేల్చింది ఆ మగ్గమే గదా. ఓడలదేముంది, అవి యాడికి పోతాయి?"

వళ్ళియమ్మ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. చివరకు కళ్ళెర్రజేసి ఆయన మోచేతి మీద ఒకటి వేసింది.

"ఇంకొక్కసారి నాకోసం అబద్ధమాడినావంటే చూడు!"

"ఆడతా," అన్నాడు ఆయన తీరిగ్గా, ఒడ్డు వైపు చూస్తూ.